వరదని ఆపిన చిన్న పొట్ట

మా బావమరిది బస్సు డ్రైవరు. మనిషి భారీ. స్టీరింగుకీ సీటుకీ మధ్య ఇరుక్కుంటే కండక్టరు చెయ్యి పట్టుకుని లాగితే గానీ దిగలేడు. సోమవారం వాడికి పొట్ట చిన్నది చేసే ఆపరేషను. నాకు అదే ఆపరేషనయ్యి మూడేళ్లు దాటింది. అందుకని ఆదివారం పొద్దున్నే మా ఆవిడ, "బావ టీ కొట్లో ఉంటాడు, వెళ్లి ఆయన్నే అడుగు" అని తమ్ముణ్ణి నా మీదికి తోలింది. వాడి వెనకే మా వీధి దర్జీ కూడా వచ్చి బల్ల మీద చతికిలబడ్డాడు. కొట్టు నడిపే ఆవిడ పొయ్యి దగ్గర ఉంది. ఆవిణ్ణి వీధంతా అక్కా అనే పిలుస్తుంది, నేనూ అంతే.

"బావా, కత్తంటే భయం లేదు నాకు. ఆ తర్వాత సంగతే భయం. ఇక జన్మలో తృప్తిగా తినలేనంటగా? రేపు వెళ్లాలా, మానాలా?" అన్నాడు బావమరిది. మొహం చూస్తే మానేసేలాగే ఉన్నాడు.

ధైర్యం చెప్పే పని ఎవరైనా నాకిస్తే నేను వదలను.

"ఎవడ్రా ఆ కూత కూసింది? కొత్తలో నేను సగం గుడ్డు తిన్నాను, కడుపు నిండిపోయింది. సగం గుడ్డుతో తృప్తి పడ్డ మగాణ్ణి చూశావా ఎక్కడైనా?"

"మా ఇంట్లో ఉంది బాబాయ్, ఏడాది పిల్ల," అన్నాడు దర్జీ.

"మీ పిల్ల నమిలి తింటుందా? డాక్టరు నాకేం చెప్పాడు? ముద్ద నోట్లో నీళ్లయ్యేదాకా నమలాలి అన్నాడు. నమిలాను. ఎలా నమిలాననుకున్నావు? నేను లారీలు తూచే కాటా దగ్గర పని చేస్తానా, ముద్ద నోట్లో పెట్టుకున్న రోజున మాకు కొత్త మేనేజరొచ్చాడు. ఆయన అందర్నీ పరిచయం చేసుకున్నాడు, నేను నములుతున్నాను. ఆయనకి ప్రమోషనొచ్చింది, నములుతున్నాను. ఆయన రిటైరైన సభలో అందరూ చప్పట్లు కొడుతుంటే, అదిగో, అప్పుడు మింగాను."

"మూడేళ్లకే రిటైరయ్యాడా బావా?"

"ముసలాడయ్యాక చేరాడ్రా, మధ్యలో అడ్డు రాకు. ఇక నీళ్లు. తింటూ తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. ఆ అరగంట విషయంలో నేను డాక్టరు కంటే గట్టివాణ్ణి. ఓసారి పళ్లెం ఖాళీ చేసి అలా కూర్చున్నానో లేదో, మా వీధికి వరదొచ్చింది. మోకాళ్లు మునిగాయి, నడుం మునిగింది, గడ్డం కిందికొచ్చేసింది నీరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గడియారం చూశాను. ఇంకా అరగంట కాలేదు. 'ఆగు' అన్నాను. ఆగింది."

"ఏది?"

"వరద!"

దర్జీ బల్ల మీద అరచేత్తో కొట్టాడు. బావమరిది మొహంలో కూడా కాస్త వెలుగొచ్చింది. అది చూశాక నాకు పగ్గాల్లేవు.

"బరువు తగ్గడం కూడా అలాంటిలాంటి తగ్గడం కాదురా. మొదట బెల్టుకి కొత్త చిల్లు పడింది. అంతే కదా అనుకున్నాను. తర్వాత గాలి వీస్తే నిలవడం కష్టమైంది. మీ అక్క బట్టలారేసి వాటి పక్కనే నన్నూ దండేనికి తగిలించి రెండు భుజాలకీ క్లిప్పులు పెట్టి ఊరికెళ్లేది. ఇక కాటా మీద ఏం జరిగిందంటే, ఖాళీ లారీని తూచాం, తర్వాత నేనెక్కి కూర్చుంటే మళ్లీ తూచాం. నేనెక్కాక లారీ బరువు తగ్గింది!"

"తీపి తినొచ్చా బావా?" అని బావమరిది గొంతు తగ్గించి అడిగాడు. అసలు బాధ అక్కడుందన్నమాట.

"ఆ ఊసెత్తకు. ఒక్కసారి కేకు ముక్క ఒకటి గబుక్కున మింగాను. ఒళ్లంతా చెమటలు, గుండె దడదడ. ఆ దడకి పక్కింటాయన లేచొచ్చి తన తలుపు తీశాడు, ఎవరో తడుతున్నారనుకుని. తర్వాత ఎదురింటావిడ తీసింది. చివరికి వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా అందరూ తలుపులు తీసి 'ఎవరండీ, ఎవరండీ' అని నిలబడ్డారు. నేను మంచం మీద పడుకునే ఉన్నాను!"

"మరి మాత్రలు?"

"ఆహా, మాత్రలు! చిన్న పొట్ట కదా, తిన్నదాంట్లోంచి సత్తువంతా లాగలేదు. అందుకే ఐరను, కాల్షియం, విటమిన్లు. ఐరన్ మింగి మింగి ఎలా తయారయ్యానో ఈ దర్జీనే అడుగు. నేను వీడి కొట్టు ముందు నుంచి నడిస్తే కత్తెర ఎగిరొచ్చి నా భుజానికి అతుక్కోలేదూ?"

"ఓహో, నువ్వా పట్టుకెళ్లింది! నేను మా ఆవిణ్ణి అనుమానించాను," అన్నాడు దర్జీ.

"ఇంకా విను. డాక్టరు రక్తం పరీక్ష కాగితం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. 'అయ్యా, తమకిక మాత్రలెందుకు, తమ ఒళ్లే మందుల ఫ్యాక్టరీ. వీలైతే మా ఆస్పత్రికి కాస్త సరఫరా చేయండి' అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అంతే, ఆ రోజు నుంచి మాత్ర ముట్టలేదు, పరీక్ష ఊసు లేదు!"

బావమరిది ఒక్కసారి నిటారుగా కూర్చున్నాడు. "అంటే కొన్నాళ్లు మింగి మానేయొచ్చన్నమాట! ఇంతసేపూ నన్ను తినేస్తోంది అదే బావా. జన్మంతా మాత్రలంటే నావల్ల కాదనుకున్నాను. ఓ ఏడాదంటే కళ్లు మూసుకుని లాగించేస్తాను. బతికించావు!"

వీడు నిజంగానే మానేసేలా ఉన్నాడే! కానీ ఒకసారి కోసిన కోతని మళ్లీ అతికించే విద్య నాకు రాదు. సరిగ్గా అప్పుడే అక్క టీ గ్లాసులు తెచ్చింది. ఒకటి బావమరిది ముందు పెట్టింది, ఒకటి దర్జీకిచ్చింది, చేతులు తుడుచుకుని వెనక్కి తిరిగింది.

"అక్కా, మరి నాది?"

"నీకింకా గంట కాలేదు."

"దేనికి గంట?" అన్నాడు బావమరిది.

"మీరు రాకముందే నా దగ్గర నీళ్లడిగి ఐరన్ మాత్ర మింగాడు కదయ్యా. వెంటనే టీ తాగితే అది ఒంటికి పట్టదట, గంటదాకా ఎంత బతిమాలినా పొయ్యొద్దని తనే నాతో ఒట్టేయించుకున్నాడు. రోజూ ఇదే తంతు. ఆ గంట గడవాలిగా, అందుకే దొరికినవాళ్లకల్లా ఈ కథలు."

దర్జీకి పొలమారింది. నవ్వుతూ దగ్గుతూ వాడు వీధిలోకి పరిగెత్తాడు. బావమరిది మాత్రం నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి నన్నే చూస్తున్నాడు.

"బావా, జన్మంతానా?"

"జన్మంతానే రా," అన్నాను. "మాత్రలూ, ఏటేటా రక్తం పరీక్షా రెండూ. పళ్లెంలో గుడ్డో చేపో పెరుగో ముందు, తక్కినవి తర్వాత. చిన్న మనిషిలా తింటాను, పెద్ద మనిషిలా పనిచేస్తాను. మా ఇంటి నుంచి ఇక్కడి దాకా నడిచొచ్చాను చూడు, దారిలో ఒక్క అరుగు మీదా కూర్చోలేదు. ఇది కోత కాదు, కావాలంటే అక్కనడుగు."

అక్క తల ఊపింది. బావమరిది మళ్లీ గ్లాసు అందుకున్నాడు. తర్వాత మెల్లిగా అన్నాడు, "సరే, రేపు వెళ్తాను. కానీ తర్వాత నా మాత్ర కూడా ఇక్కడే, నీ పక్కనే. ఆ గంటా నువ్వు నోరెత్తకూడదు, నేను చెప్తాను. ఇన్నేళ్లు బస్సు నడిపాను, నీ వరద నా ముందు ఏపాటిది? ఓసారి నా బస్సుకి చక్రాలన్నీ ఊడిపోతే..."

అక్క గరిటె పైకెత్తి ఆపింది.

"మీ ఇద్దరికీ దణ్ణం. ఒకేసారి మింగండి నాయనా. రోజుకి రెండు గంటలంటే నావల్ల కాదు!"