ఇటుకల బరువు

ఎండిన బావిని లోతు చేయిస్తూ జారిపడిన కళ్యాణదుర్గం రైతు, తొడ ఎముక విరిగి అనంతపురంలోని ఒక ఆసుపత్రిలో పడుకొని ఉన్నాడు. విరిగిన ఎముక ముక్కలు ఒకే వరుసలో ఉండి సరిగా అతుక్కొనేందుకు ఆ కాలికి తాడు కట్టి, దాని చివర ఇటుకలు వేలాడదీశారు. వరండాలో డాక్టరుతో మాట్లాడి వచ్చిన అతని భార్య మంచం పక్కన కూలబడింది.

“ఎముక ముక్కలు ఒకదానిమీద ఒకటి ఎక్కినాయంట. కోసి లోపల కడ్డీ ఏస్తే నడుస్తావంటాండాడు.”

“ఇటుకలకే అతుక్కోని ఎముక కడ్డీకి అతుక్కుంటాదా? దాంట్లో సత్తువ లేదు. ఇంటికి పోదాం పా.”

“తప్పు ఎముకది కాదయ్యా.”

“మరి ఎవరిది?”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకొంది. దాచే ఓపిక కూడా ఆమెకు మిగలలేదు.

“నువ్వు మూలిగినప్పుడల్లా ఇటుకలెత్తి ఒళ్లో పెట్టుకొంటాంటి. నీకు కునుకు పడతాందని తెల్లార్లూ అట్లే కూర్చుంటాంటి. ఎవరన్నా ఎత్తినారా అని డాక్టరడిగితే తల దించుకొని వచ్చేస్తి.”

“నువ్వు ఎత్తేది నాకు తెలుసులే.”

“నిద్రపోతాంటివి గదా!”

“ఊరికే కండ్లు మూసుకొనింటి. కొన్నిసార్లు నొప్పి లేకున్నా మూలిగినా, నువ్వు దగ్గర కూర్చుంటావని.”

“నీ మూలుగు మండ!”

“ఎముక చెడుతాదని నాకేమెరుక? కడ్డీ ఏసినాక ఈ బరువు కడతారా?”

“కట్టరంట.”

“అట్లయితే డాక్టర్ని రమ్మను. నువ్వన్నా ఇంత నిద్రపోదువు.”