గోడ ఇప్పుడు చుక్క కారదు

కొండవాలు మీద కట్టే ఇళ్ళకి అనుమతులిచ్చే ఆఫీసు. బయట ముసురు పట్టి ఉంది. ఇంజినీరు బల్లకి అవతల అతని అక్క మొగుడు.

“...అది కాదు బావా, ముందు ఈ ఫొటో చూడనీ. ఇంటి వెనక ఈ చదును ఎక్కడిది?”

“అదా. కొంచెం గీకించాంలే.”

“గీకించడమంటే?”

“గీకించడమంటే గీకించడమేరా. పక్క స్థలానికి జేసీబీ వచ్చింది. వచ్చినదాన్ని ఊరికే పంపడమెందుకని మన వెనకాల కూడా ఓ చెయ్యి వేయించా. ఓ గది కలిసొచ్చింది.”

“కొండని కొండలా ఉంచి, వాలు ఎట్లా ఉంటే అట్లా మెట్లు మెట్లుగా కట్టుకోమన్నాం. రాసిచ్చాం కూడా. కింద తొలిచేస్తే పైనున్న మట్టి దేని మీద నిలబడుతుంది?”

“గోడ మీద. గోడ కట్టాగా. చూస్తే నువ్వే మెచ్చుకుంటావ్.”

“పైన పొదలుండాలి. మట్టిని పట్టుకునేవి అవే.”

“పాములొస్తున్నాయని కొట్టించేశా.”

“బావా...”

“ఏంట్రా, బావా బావా అని. పరాయివాడి ఫైలైతే ఈపాటికి సంతకం అయిపోయేది. నేను దొరికాననేగా ఈ ఆరాలన్నీ.”

“పరాయివాడైతే ఫైలు మొహాన కొట్టి పంపేవాణ్ణి. మీరింకా ఆ ఇంట్లో చేరలేదుగా?”

“నీ కాగితం లేందే ఎట్లా చేరతాం? అదేం ప్రశ్న. ఆ ఫ్యాను కాస్త వెయ్యి.”

“వేస్తా. గోడలో గొట్టాలు పెట్టారా? వెనక మట్టిలో చేరిన నీళ్ళు బయటికి పోవాలి.”

“పెట్టాడు మేస్త్రీ. వరసగా పెట్టాడు.”

“హమ్మయ్య. ఈ వానకి బాగా కారుతున్నాయా?”

“ఇప్పుడు కారట్లేదు.”

“ఎందుకు కారట్లేదు?”

“కారట్లేదంటే... మొదట్లో కారాయి. తర్వాత ఆ గోడనే వెనక గోడ చేసి గది వేసుకున్నాం. ఇంకో గోడ దండగ కదా. ఇక చూడు, గొట్టాల నీళ్ళన్నీ గదిలోకే. కుట్టడానికిచ్చిన బట్టల మీద ఎర్ర మరకలు. మీ అక్క ఒకటే గోల. సిమెంటు కలిపి నేనే మూసేశా. ఇప్పుడు చుక్క రాదు.”

“కుట్టడానికిచ్చిన బట్టలా?”

“ఆఁ.”

“అంటే అక్క మిషను అక్కడే ఉంది.”

“సామాను పెట్టుకున్నాంలే, ఊరికే.”

“సామానేనా?”

“సామాను పెట్టాక మనుషులుండొద్దూ? రెండు చోట్లా అద్దె ఎవడు కడతాడ్రా?”

“నాతో చెప్పలేదేం?”

“చెప్తే నువ్వు ఊరుకుంటావా?”

“బావా, ఇటు చూడు. నీళ్ళు ఆగిపోలేదు. గోడ వెనకే ఉన్నాయి. మట్టి నాని బరువెక్కి ఆ గోడని నెడుతూ ఉంటుంది. గోడ గదిని నెడుతుంది.”

“బెదిరించకు. పొద్దున కూడా చూశా, గోడ అద్దంలా ఉంది.”

“పగుళ్ళు?”

“పగుళ్ళేం లేవు. ఓ మూల సున్నం పెచ్చు లేచింది, అంతే.”

“లే.”

“సంతకం?”

“లే బావా, నేను బండి తీస్తా. నువ్వు అక్కకి ఫోన్ చెయ్యి. ఏదీ సర్దొద్దు, ఉన్నపళాన బయటికొచ్చి కింద రోడ్డు మీద నిలబడమను.”

“ఫోన్ చేస్తే పనికాదురా.”

“ఎందుకు కాదు?”

“మీ అక్క ఆ గదిలోనే ఉంది. పొద్దున మిషను ముందు కూచుంది, అప్పట్నించీ తలుపు రావట్లేదు. వానకి చెక్క ఉబ్బినట్టుంది. కిటికీ ఊచల్లోంచి టీ అందించి వచ్చా, ఈ కాగితం తీసుకుని అటునించి అటే వడ్రంగిని వెంటబెట్టుకు పోదామని.”