దొడ్డప్ప మోసిన ఐసు పెట్టె

"రేపు వత్తల్‌మలై కొండకు టీకా మందు పెట్టె మోసే పని ఈ వీరన్‌కు ఇస్తానంటివంట మాదమ్మా! వానికేం తెలుసు? రేపు కాలేజీ పిల్లోళ్లతో వచ్చే ఇలక్కియా ఉండాదే, ఆమెను ప్రొఫెసర్ చేసింది ఎవరనుకున్నావు?"

సోగత్తూరు టీకొట్లో దొడ్డప్ప గొంతు రోడ్డు దాకా వినిపిస్తోంది. నర్సు మాదమ్మ టీ ఊదుకుంటూ, "చెప్పు" అంది.

"పన్నెండేండ్ల కింద, కొండ ఊర్లకు మందులు ఎట్ల చేరతాయో పరిశోధన చేసేదానికి వచ్చినాది ఆ పాప. వానకు రోడ్డు తెగి, టీకా మందు జీపు కిందనే నిలిచిపోయింది. మేకలు తోలుకొని పోతా ఉన్నవాణ్ణి, పెట్టె నెత్తిన పెట్టుకొని ఎక్కినాను. అంతే. అందరూ నాలుగు ఐసు ప్యాకెట్లు పెడతారు. నేను పదహారు కుక్కినాను, ఫ్రీజర్‌లోనుంచి తీసినవి తీసినట్టే! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నీళ్లు కారి చొక్కా తడిసింటాది" అన్నాడు వీరన్.

"చుక్క కారలేదు రా! మొదటి మలుపులో నా మీసం గడ్డకట్టింది. రెండో మలుపులో మేక పాలు పిండితే ఐస్‌క్రీము పడింది. పైన మేఘమొకటి పెట్టెకు తగిలి, కాఫీ తోటంతా వడగండ్లు! కొండ కింద ఇండూరులో జనం కంబళ్లు కప్పుకున్నారు. మూత తెరిచేదానికి గడ్డపార కావాల్సొచ్చింది. లోపల మందు గడ్డకట్టి రాయైపోయింది! ఇలక్కియా రాసుకొని రాసుకొని మూడు పెన్నులు అయిపోయినాయి. ఆ రాతకే డాక్టరేటు! ఇప్పుడు లోకమంతా మందులు పంపేది దొడ్డప్ప పద్ధతిలోనే. బండలు కొట్టి బతికినోణ్ణి, నాకెవడు నేర్పినాడు?"

మాదమ్మ గ్లాసు కింద పెట్టింది. "మందు గడ్డకట్టింది నిజమేనా?"

"నా మేకల మీద ఒట్టు!"

"ఆ ఒక్కటీ నిజమే, ఆ పొద్దు నేనూ ఆడ ఉంటిని కదా. గడ్డకడితే ఆ మందు చెడిపోతాది దొడ్డప్పా. ఐసు కాసేపు బయటుంచి, ప్యాకెట్లకు చెమట పట్టినాక పెట్టల్ల. సీసాలన్నీ పారేసి, బిడ్డల్ని ఎత్తుకొని వచ్చిన తల్లులను వట్టి చేతుల్తో పంపినాము. ఇలక్కియా పుస్తకంలో నీ పద్ధతి ఉండాది. మందు ఎట్ల పాడవుతాదో చెప్పే పాఠంలో."

టీకొట్టంతా పగలబడి నవ్వింది. దొడ్డప్ప తల వంచుకొని మీసం తడుముకున్నాడు.

"సరే, పెట్టె నువ్వే మొయ్యి" అంది మాదమ్మ, మెత్తబడి. "కొండెక్కేదాంట్లో నీకు సాటి లేరు. ఐసు మాత్రం నేనే పెడతాను."

దొడ్డప్ప వెంటనే తలెత్తి వీరన్ వైపు తిరిగాడు.

"విన్నావా? నేను మోస్తానంటే, ఐసు పెట్టేదానికి గవర్నమెంటే నర్సును పెట్టింది!"