ఊట దగ్గర అత్తయ్య అన్న మాట

ముందు ఆ సంచి కింద పెట్టు వదినా. వచ్చీ రాగానే మీ అమ్మని లేపి నిలదీస్తానంటే ఎలా? ఆవిడ ఇప్పుడే వెనక వసారాలో నడుం వాల్చింది. పొద్దున్నించీ అతిథుల్ని వెంటేసుకుని అడవంతా తిరిగొచ్చింది. పడుకోనీ. కాసేపు ఇక్కడ కూర్చున్నంత మాత్రాన నీ కోపమేం చల్లారిపోదులే.

ఆ మంచం మీద కాదు, అది అతిథులది. ఇప్పుడే దుప్పటి మార్చాను. ఈ పీట మీద కూర్చో. నేను దిండ్లకి గలీబులు తొడుగుతూ చెప్తాను.

తెలుసు. ఎందుకొచ్చావో తెలుసు. అన్నయ్యకి కంపెనీలో జీపు నడిపే పని ఖాయమని మొగుడూ పెళ్ళాలిద్దరూ అనుకున్నారు. కొత్త చొక్కాలు కూడా కుట్టించుకున్నాడటగా. ఇంతలో మీ అమ్మ కంపెనీవాళ్ళని వెళ్ళగొట్టిందని ఫోన్లో వీడియో చూశావు. నీ చోట నేనున్నా ఇలాగే సంచి పట్టుకుని వచ్చేదాన్ని.

కానీ ఆవిడ్ని అడిగేముందు నా మాట విను. మొత్తం విను. మధ్యలో లేవకు.

ఈ అతిథుల గోలంతా నువ్వు కాపురానికి వెళ్ళాక మొదలైంది కదా. అడవిని నరక్కుండా, అమ్ముకోకుండా, ఊరివాళ్ళే నడుపుకునే పర్యాటకం అన్నారు. సంఘం పెట్టారు. మీ బాబాయిని ప్రెసిడెంటు చేశారు. ఎందుకనుకున్నావు, ఊళ్ళో ఇస్త్రీ చొక్కా ఉన్నది ఆయనొక్కడికే. వంతుల ప్రకారం ఇంటికో జట్టు అతిథులు.

పట్నం నుంచి ఒకమ్మాయి వచ్చి మాకు శిక్షణ ఇచ్చింది. ఎలా నవ్వాలో కూడా నేర్పింది. నిజం వదినా. పళ్ళు కనపడాలట, మరీ అన్నీ కాదట. మీ బాబాయి ఇప్పటికీ అదే నవ్వు నవ్వుతాడు, పంటినొప్పి వచ్చినవాడిలా.

మంచాలు లేకపోతే అతిథులు ఉండరంది. నానా తంటాలూ పడి మంచాలు కొండెక్కించాం. మొదటి జట్టు రానే వచ్చింది. అబ్బే, మంచాలెందుకండీ, మేమూ మీలాగే నేల మీద పడుకుంటాం అన్నారు. మీ తమ్ముడు తిన్నగా వెళ్ళి ఆ మంచం మీద తను పడుకున్నాడు.

ఆయన్ని అతిథులతో అడవికి పంపితే పరిగెత్తిస్తున్నాడని ఫిర్యాదులొచ్చాయి. మీ అమ్మ అయితే నెమ్మదిగా నడుస్తుందని ఆవిడకి అప్పజెప్పారు. ఆవిడకేమో మీ కొండమాట తప్ప ఇంకోటి రాదు. కిందూరి నుంచి వచ్చిన కోడల్ని నేనున్నానుగా, రెండూ వచ్చినదాన్ని. అలా నేను దుబాసీనయ్యాను.

మీ అమ్మ నోటి సంగతి నీకు నేను చెప్పాలా?

ఒకాయన వచ్చాడు. ఒంటి నిండా జేబులున్న కోటు. మీ అమ్మ ఆయన్ని పైనుంచి కిందికి చూసి, "ఇన్ని జేబులున్నాయి, ఒక్కదాంట్లోనైనా బుద్ధి పెట్టుకు రాకూడదూ? చెప్పులేసుకుని జారుడు రాళ్ళ మీదికి వచ్చాడు" అంది. ఏమంటున్నారండీ అని ఆయన. మీ కోటు చాలా బాగుందంటున్నారు అన్నాను. ఆయన వెంటనే కోటు సర్దుకుని ఆవిడ పక్కన నిలబడి ఫోటో దిగాడు. ఆ ఫోటో దిగుతూనే జారి పడ్డాడనుకో, అది వేరే కథ.

నవ్వకు. నా పాట్లు నాకే తెలుసు.

ఇంకొకామె, ప్రతి మొక్కా పట్టుకుని ఇది దేనికి, ఇది దేనికి అని ఒకటే అడగడం. మీ అమ్మకి విసుగొచ్చి, "దేనికీ కాదు, ఊరికే మొలిచింది. నువ్వు దేనికి పుట్టావని నేనడిగానా?" అంది. జలుబుకి మంచిదట అని చెప్పాను. ఏం చెయ్యను, వాళ్ళకి అడవిలో ఉన్న ప్రతి ఆకూ మందే కావాలి. ఆమె ఆ ఆకు వాసన పీల్చుకుంటూ పడుకుంది. తెల్లారి లేచి జలుబు తగ్గిందని మీ అమ్మని కావలించుకుంది. మీ అమ్మ నా వైపు తిరిగి, "ఏమైంది దీనికి?" అంటుంది.

అందరికీ మీ అమ్మే కావాలి వదినా. వండేది నేను, ఊడ్చేది నేను, వేన్నీళ్ళు కాచేది నేను. వెళ్ళేటప్పుడు కన్నీళ్ళు పెట్టుకుని పట్టుకునేది మాత్రం ఆవిడ చేతులు. ఆవిడ, "పొండి పొండి, మళ్ళీ తొందరగా రాకండి" అంటుంది. నేను, మళ్ళీ తొందరగా రమ్మంటున్నారు అంటాను. ఒక్క మాట మింగితే చాలు, అందరికీ సంతోషం.

నాతో ఎలా ఉంటుందంటావా? ఎప్పుడూ ఉన్నట్టే. నా పేరు ఆవిడ నోట విన్నట్టు గుర్తు లేదు. "కిందూరిదాన్ని పిలవండి" అంటుంది. కూర బాగుంటే తినేసి లేస్తుంది. బాగోకపోతే ఊరంతా చెప్పొస్తుంది. నేను పట్టించుకోవడం మానేశాను. అంటే, మానేశాననే అనుకున్నాను.

సరే, కంపెనీ సంగతికి వస్తున్నాను.

కంపెనీ తరఫున ఒక మేడమ్ వచ్చింది. మంచిదే వదినా, అబద్ధం ఎందుకు చెప్పాలి. నెమ్మదిగా మాట్లాడింది. మా ఇళ్ళలో అతిథుల ఏర్పాట్లన్నీ వాళ్ళ కంపెనీయే చూసుకుంటుందంది. ఇంటింటికీ పైపు, మన పిల్లలకి పనులు, అన్నయ్యకి జీపు. బదులుగా పైన ఊట ఉందే, దాన్ని వాళ్ళకి వదిలెయ్యాలి. చుట్టూ చెక్క వేదిక కట్టి, కింద ఈతకొలను తవ్వి, అతిథులు నీళ్ళలో కూర్చుని అడవిని చూసేలా చేస్తారట. బొమ్మ గీసి తెచ్చింది. చూడముచ్చటగా ఉంది. ఆ బొమ్మలో ఎక్కడా బిందె లేదు.

సంఘంలో సగం మందికి ఇష్టమే, సగం మందికి కాదు. పైకి మాత్రం ఎవరూ నోరు మెదపలేదు, రేపు మొహాలు చూసుకోవాలిగా. చివరికి మీ బాబాయి తెలివిగా, "పెద్దావిడ ఒప్పుకుంటే మాకందరికీ సరే" అని మేడమ్‌కి చెప్పేశాడు. అందరూ తలలూపారు. మంచైనా చెడ్డయినా మాట మీ అమ్మదవుతుంది కదా.

ఊట దగ్గరికి మేడమ్, వీడియో తీస్తానని వెంటొచ్చిన కెమెరా ఆయన, మీ అమ్మ, నేను వెళ్ళాం. మీ బాబాయి మోకాళ్ళు బాలేవని మెట్ట కిందే ఆగిపోయాడు. మీ తమ్ముడు అతిథుల్ని బస్సెక్కించడానికి వెళ్ళాడు. అంటే ఆ పైన రెండు మాటలూ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఇది గుర్తుపెట్టుకో.

మీ అమ్మ రాయి మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టింది. మేడమ్ బొమ్మ చూపించి అంతా వివరించింది. నేను పొల్లు పోకుండా కొండమాటలో చెప్పాను. తిట్ల కోసం నేను సిద్ధంగా ఉన్నాను. ఏ తిట్టుకి ఏ తీపి మాట చెప్పాలా అని లోపల వెతుక్కుంటున్నాను కూడా.

తర్వాత మాట్లాడింది. వీడియోలో చూశావుగా, పెదాలు కదులుతుంటాయి, నీళ్ళ హోరు తప్ప ఏమీ వినపడదు. కింద రాసి ఉంటాయే అక్షరాలు, 'మా ఊట మాకే చాలదు, మీ దారిన మీరు పొండి' అని. నువ్వు చదివి మండిపడ్డావే, అవి.

అవి నావి వదినా.

మీ అమ్మ ఇచ్చెయ్యమంది.

ఆగు, కూర్చో. లేవనన్నావుగా. ఆవిడ ఏమందో ఉన్నదున్నట్టు చెప్తాను, ఒక్క అక్షరం మార్చకుండా. ఇన్నాళ్ళకి మొదటిసారి మార్చకుండా చెప్తున్నాను.

"ఇచ్చెయ్యమని చెప్పు. ఈ పిల్ల పొద్దున లేస్తే బిందె ఎత్తుకుని ఈ మెట్ట ఎక్కుతుంది. వచ్చిన ప్రతివాడి స్నానానికీ ఇదే మోస్తుంది. లేచేటప్పుడు గోడ పట్టుకుని లేస్తుంది, నేను చూడలేదనుకుంటుంది. పైపు వేస్తామంటున్నారుగా, వేసుకోనీ. ఊట పోతే పోయింది. నా కోడలి నడుం పోతే నాకెవడు తెచ్చిస్తాడు?"

అంతే అంది. నా మొహం కూడా చూడలేదు. నీళ్ళలో కాళ్ళు ఆడిస్తూ అంది.

ఏమన్నారు, ఏమన్నారు అని మేడమ్ అడుగుతోంది. ఏం చెప్పను? నా కోసం ఊట ఇచ్చేస్తుందట అని ఏ నోటితో చెప్పను? ఆ నీళ్ళు ఎండాకాలం ఎలా ఉంటాయో మోసేదాన్ని, నాకు తెలుసు. దారప్పోగులా వస్తాయి. బిందె నిండేలోపు కునుకు తీసి లేవచ్చు. ఆ దారంలో పట్నంవాళ్ళు జలకాలాడితే కింది ఇళ్ళకి ఏం మిగులుతుంది? పైపు వేస్తారు సరే, పైపులో ఏం వస్తుంది?

వద్దంటున్నారు అన్నాను.

అక్కడితో ఆపాల్సింది. ఆగలేదు. మీ అమ్మ తిట్లన్నీ ఇన్నాళ్ళూ మింగానే, అవన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. మా ఊట మాకే చాలదు అన్నాను. ఎప్పుడూ వీళ్ళ ఊరు, వీళ్ళ అడవి అని చెప్పేదాన్ని అతిథులకి. ఆ పూట 'మా' అని వచ్చేసింది. నాకే ఆశ్చర్యమేసింది.

మేడమ్‌కి అనుమానం వచ్చింది. "ఆవిడ చాలా మెత్తగా అన్నట్టున్నారే?" అంది. మా భాషలో కోపం ఇలాగే ఉంటుందండీ అన్నాను. పాపం, తలూపి బొమ్మ చుట్టేసుకుంది. కెమెరా ఆయన మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు. కిందికొచ్చి నన్నడిగి ఆ అక్షరాలు రాసుకున్నాడు. ఇప్పుడు ఆ వీడియో చూసి మీ అమ్మ కోసం ఇంకా ఎక్కువ మంది వస్తున్నారు. వంతు మనది కాకపోయినా మన గుమ్మం ముందే నిలబడుతున్నారు.

ఊళ్ళోవాళ్ళు, "భలే చెప్పావు పెద్దమ్మా" అంటారు. ఆవిడ ఊట ఇచ్చినందుకు మెచ్చుకుంటున్నారనుకుని గంభీరంగా తలూపుతుంది. ఎవరైనా ఇంకో ముక్క అడుగుతారేమోనని నేను ఆవిడ కొంగు పట్టుకుని తిరుగుతున్నాను. ఆవిడేమో రోజూ నన్నే అడుగుతుంది, పైపువాళ్ళు ఎప్పుడొస్తారని. వానలు తగ్గాక అంటాను. సంఘంవాళ్ళే చిన్న తొట్టి కట్టి గొట్టం వేద్దామని అనుకుంటున్నారు. మీ బాబాయి నెత్తినేసుకున్న పని, ఎప్పటికవుతుందో నీకు తెలియందేముంది.

అన్నయ్య జీపు నా వల్లే పోయింది వదినా. మీ అమ్మ వల్ల కాదు. తిట్టాలనుంటే నన్ను తిట్టు. ఆవిడ్ని లేపి అడిగితే నిజం చెప్పేస్తుంది, ఊరంతా తెలిసిపోతుంది, మేడమ్ మళ్ళీ బొమ్మ పట్టుకుని వస్తుంది. అడుగుతావో మానతావో నీ ఇష్టం.

నీకు చెప్పింది భయపడి కాదు. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను నా కోడలు అన్నది ఆ ఒక్కసారే. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. దాన్నేమో తిరగేసి చెప్పాను. ఇంక ఎవరికీ చెప్పుకోవడానికి లేదు. మీ తమ్ముడికి కూడా చెప్పలేదు. ఆ మాట ఆవిడ ఎలా అందో అలా వినడానికి ఆ భాషలో పుట్టినవాళ్ళు కావాలి కదా. అందుకని నీకు చెప్పాను.

ఏంటి, లేచావు?

వసారా అటు కదా. ఆ బిందెలెందుకు తీస్తున్నావు? వదినా, నువ్వు ఇంటికొచ్చినదానివి, నీకెందుకు చెప్పు. బాగోదు. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు.

సరే, పద. కానీ ఆ చిన్నది నువ్వు తీసుకో. పెద్దది ఇలా ఇవ్వు, దానికి నా నడుం అలవాటు.