బావ నేర్పిన మందు

ఎల్లారెడ్డి. మధ్యాహ్నం. వంటింట్లో బాలలక్ష్మి, ఆ ఉదయమే దుబాయి నుంచి దిగిన ఆమె తమ్ముడు సిద్దిరాములు.

"గొళ్ళెం ఎందుకు పెడ్తున్నవక్కా?"

"పెట్టకపోతే పక్కింటి రామవ్వ వస్తది. దాని ముక్కు సంగతి నీకెర్కలే. మూత తీసుడు ఆలస్యం, వాసన పట్టుకొని ఉరికొస్తది. ఆ సంచిల సీసాలు బయటికి తియ్."

"ఇవన్నీ ఇప్పుడెందుకక్కా? నువ్వు ముందుగాల కూసో. నీకొక మాట చెప్పేదుంది."

"మాట యాడికి పోతది రా? ముందు ఇది కానియ్."

"నేను పొద్దుగాల దిగిన. కండ్లు మండుతున్నయ్. తానం గూడ చెయ్యలే."

"చేద్దువు తియ్. ఈ తెల్ల సీసా ఏంది?"

"జిన్."

"ఈ పచ్చది?"

"వర్మూత్ అంటరు. ద్రాక్ష వైన్ల ఆకులు, వేర్లు, బెరడు నానబెడ్తరు."

"అంటే నాటు వైద్యుని కషాయమే కదరా! దానికి పైసలు పెట్టి తాగుతరా దొరలు?"

"రెండు కలిపితే మార్టిని. మా బార్ల అన్నిటికంటె ఎక్కువ అదే అడుగుతరు."

"తెలుసు. మీ బావ చెప్పిండు. ఇవి ఆయన సీసాలే కదా?"

"బావవే. ఈసారి సెలవుల వచ్చేటప్పుడు తెచ్చుకోవాలని పెట్టెల దాచుకున్నడు."

"దాచుకున్నయి నీకెట్ల ఇచ్చిండు? చిన్నప్పుడు నీకు బీడీ గూడ ఇయ్యకపోతుండె."

"ఇచ్చిండు. తీస్కపో అన్నడు."

"ఎప్పుడన్నడు?"

"అక్కా, ఇంట్ల ఐసు ఉన్నదా లేదా? ఐసు లేకుంటే ఏం చేసినా దండుగ."

"ఉన్నది. నువ్వు వాకిట్ల అడుగు పెట్టంగనే ఫ్రిజ్జుల పెట్టిన."

"గప్పుడే ఎందుకు పెట్టినవ్?"

"సంచిల సీసాలు కనబడ్డయ్, పెట్టిన. ఏందిరా పోలీసోని లెక్క అడుగుతున్నవ్?"

"పోలీసోని లెక్క నువ్వడుగుతున్నవ్, నేను కాదు."

"మరి నువ్వు సక్కగ చెప్తే నేనెందుకు అడుగుత? నాలుగు రోజుల సంది మీ బావ ఫోను ఎత్తుతలేడు."

"ఫోను ఖరాబైంది."

"ఖరాబైతే నీ ఫోన్ల మాట్లాడకపోవునా?"

"డ్యూటీలు కలువయక్కా. నాది పగలు, ఆయనది రాత్రి."

"ఒక్క బార్లనే కదా ఇద్దరు? ఆయనే కదా నిన్ను పక్కన పెట్టుకొని పని నేర్పింది?"

"అక్కా, జర నా మాట ఇను—"

"నీ ఫోన్ మోగుతుంది."

"మోగనియ్."

"ఎత్తు రా. ఎంతసేపు మొత్తుకుంటది పాపం."

"ఇక్కడ సిగ్నల్ ఉండదు. కిటికీ కాడికి పోత. నువ్వు ఆ నిమ్మకాయ కడుగు, నల్లా ఇడిసి మంచిగ కడుగు... హలో, మోయిజ్."

"రాములన్నా, అక్కకు చెప్పినవా?"

"మెల్లగ. మెల్లగ మాట్లాడు."

"అంటే ఇంకా చెప్పలేదా? యా అల్లా! అన్నా, మేం కామారెడ్డి దాటినం. మీ బావ భీమేషన్న పెట్టె ఎనుక, నేను డ్రైవర్ పక్కన. గంటసేపట్ల వాకిట్ల ఉంటం."

"జర ఆగి రాండ్రి. యాడనన్న చాయ్ తాగుండ్రి."

"మయ్యత్ను, శవాన్ని బండ్ల పెట్టుకొని చాయ్ తాగాల్నా అన్నా? నీకు దండం పెడ్త, చెప్పు. పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు, తిప్పలు పడలేదని చెప్పు. ఆమె ఉత్తగ బయటికి వచ్చి అంబులెన్సుల పెట్టెను చూస్తే పానం ఆగుతదా? గందుకే కదా నిన్ను ముందు ఇమానం ఎక్కిచ్చింది!"

"చెప్త. చెప్త మోయిజ్. పెట్టెయ్."

"ఎవరు రా?"

"మోయిజని, మా కాడ పని చేస్తడు. కామారెడ్డి పిలగాడు."

"ఏమంటడు?"

"ఏం లేదు. ఆయన గూడ ఇంటికొస్తున్నడట."

"నీ మొకం ఎందుకు గట్లయింది?"

"నిద్ర లేదు."

"సరే. కొలత గిలాస లేదు. బిడ్డ సాయిలత దగ్గు మందు సీసా మూత ఉన్నది, పనికొస్తదా?"

"వస్తది. ఆరు మూతలు జిన్ను, ఒక్కటి వర్మూత్. చెంబుల ఐసు నింపు."

"నువ్వే పొయ్యి. మూత సూసి పొయ్యి రా, సగం గట్టు మీదనే పోతుంది. ఆయన చూస్తే నీ ఈపు పలుగుతుండె."

"అక్కా, నా మాట ఒక్కటి—"

"ఆలివ్ కాయ ఏస్తరంట కదా అందుల? మా దగ్గర యాడిది? ఉప్పుల ఏసిన ఉసిరికాయ ఉన్నది, ఎయ్యాల్నా?"

"ఉసిరికాయనా! బావ ఇంటే నవ్వి నవ్వి సస్తడు..."

"ఏమైంది? ఎందుకు ఆగినవ్?"

"ఏం లేదు. నిమ్మకాయ తొక్క చాలు. సన్నగ తియ్, తెల్లది రావద్దు, చేదైతది."

"నాకు చెప్తున్నవా తొక్క తీసుడు? ఇగో. ఇగ కలుపు."

"కలుపుత."

"చప్పుడొస్తుంది."

"వస్తది మరి, ఐసు కదా."

"రావద్దు. గంటె చెంబు అంచు పొంటి తిరగాలె, ఐసు మొత్తం ఒక్కతీరుగ తిరగాలె. చప్పుడొస్తే ఐసు పలిగి నీళ్ళయితది, మందు పల్చనయితది. ఇటు తే."

"నీకెట్ల తెలుసు?"

"వీడియో కాల్ల సగంసేపు గదే చూపెట్టేటోడు కదా. బార్ల మంది లేనప్పుడు ఫోను గోడకు పెట్టి కలుపుకుంట మాట్లాడేటోడు. నేనిక్కడ పప్పుల గంటె పెట్టుకొని చూసేదాన్ని. ఆయన ఆడ తిప్పవట్టె, నేనీడ తిప్పవట్టె. గట్లనే గడిచిపాయె మా కాపురం."

"అక్కా..."

"లోకమంతటికి చేసి పోస్తడు, పెండ్లానికి ఒక్క గిలాస లేదు అని ఒకరోజు కొట్లాడిన. ఈసారి వచ్చినంక నీకొక్కదానికే చేసిస్త తియ్, గాజు గిలాసల పోసిస్త అన్నడు. అన్నడా లేదా, నువ్వు గూడ పక్కనే ఉంటివి."

"అన్నడు."

"మరి వచ్చినంక చేస్తడా?"

"గట్టు తుడుస్త, గుడ్డ ఇయ్యి."

"చెప్పు రాములు. నా దిక్కు చూసి చెప్పు. వచ్చినంక చేస్తడా?"

"ఐసు కరుగుతుందక్కా. వడగట్టాలె."

"గంతేనా?"

"అక్కా, ఇగ నాతోని కాదు. గొళ్ళెం తియ్యి. నేను బయటికి పోత."

"ఎందుకు?"

"గాలి ఆడుతలేదు."

"కిటికీ తెరిచే ఉన్నది. ఆడ నిలవడు. నన్ను ఒక్కదాన్ని ఇడిసిపెట్టి ఎటూ పోకు, నీకు దండం పెడ్త."

"మరి నన్ను మాట్లాడనియ్యి!"

"మాట్లాడుదువు. పొద్దంత ఉన్నది, రాత్రంత ఉన్నది, జీవితమంత ఉన్నది మాట్లాడుకోనీకె. ఇది అయ్యేదాకా ఊకో."

"సాయిలత ఏది? ఎన్నిటికొస్తది కాలేజీకెళ్ళి?"

"ఫోన్ చేసిన. క్లాసు ఇడిసి రమ్మన్న. కామారెడ్డిల బస్సెక్కిందట."

"ఎందుకు పిలిచినవ్?"

"మామ వచ్చిండు కదా."

"నా కోసం క్లాసు ఇడిసి వస్తదా?"

"ఇడవనియ్యి. ఈ పొద్దు పిల్ల ఇంట్ల ఉండాలె. అయ్యో, మల్లా మోగుతుంది సూడు నీ ఫోను."

"మోయిజ్, చెప్పు."

"అన్నా, లింగంపేట దాటినం. చెప్పినవా?"

"లేదు."

"ఎందుకన్నా!"

"చెప్పనిస్తలేదు. తలుపు బిగించి మందు కలుపుమంటుంది."

"మందా? ఏం మందు? అన్నా, నువ్వు తాగినవా?"

"తాగలే. నాకేం సమజైతలేదు మోయిజ్. నోరు తెరుస్తుంటే గంటె పట్టుమంటుంది, నిమ్మకాయ అంటుంది, ఐసు అంటుంది."

"గట్టిగ చెయ్యి పట్టుకొని చెప్పు. ఇగ దగ్గరికొచ్చినం."

"ఏమంటున్నడు మోయిజ్?"

"దగ్గరికొచ్చినమంటున్నడు."

"ఎవరెవరు?"

"జాలి యాడ ఉన్నదక్కా?"

"సరే తియ్, చెప్పకు. చాయ్ జాలి ఆడ ఉన్నది. వడగట్టు."

"ఈ గాజు గిలాస యాడిది?"

"పెండ్లప్పుడు వచ్చింది. ఆరు ఉంటుండె, ఇదొక్కటే మిగిలింది. జర పైలం, పలగ్గొడుతవ్."

"ఇగో. అయింది."

"ఎంత సాఫ్ ఉన్నది రా! నీళ్ళ లెక్కనే."

"మబ్బు మబ్బుగ ఉంటే సరిగ్గ కలుపలేనట్టు. నువ్వు మంచిగ కలిపినవ్."

"నేను కాదు, ఆయనే. ఆయన ఎట్ల తిప్పుతడో గట్లనే తిప్పిన. వాసన సూడు, వాన పడ్డంక గుట్ట మీద ఆకు వాసన లెక్క ఉన్నది."

"అక్కా, తాగకు. కూసో. నీ కాళ్ళు మొక్కుత, ఒక్కసారి కూసో."

"కూసున్న. చాలునా?"

"నా చెయ్యి పట్టుకో."

"పట్టుకున్న. ఎంత సల్లగున్నయి రా నీ చేతులు."

"అక్కా, నాలుగు రోజుల కింద రాత్రి డ్యూటీ అయినంక... రూముల..."

"ఆగు."

"ఆగ, ఇగ ఆగ! బయట బండి వచ్చిందక్కా, సప్పుడు ఇనబడుతలేదా?"

"ఇనబడ్డది. గల్లీ మలుపుల తిరిగినప్పుడే ఇనబడ్డది. చెయ్యి ఇడువు. గిలాస ఇటియ్యి."

"ఇప్పుడు తాగుతవా! ఇప్పుడా!"

"తాగుతలేను రా పిచ్చోడా. సాక పొయ్యాలె."

"సాకనా?"

"ఏం, దుబాయి పోయి మర్చిపోయినవా? కల్లయినా ఇదయినా, ఇంట్లకెళ్ళి పోయినోళ్ళ పేరు మీద బొట్టు బొట్టు కింద ఎయ్యకుంట ముడుతరా? బతికున్నప్పుడు ఏది ఇష్టమో గదే ఎయ్యాలె."

"అక్కా, గిలాసల ఏలు ముంచుతున్నవా? నువ్వు... నీకు ఎవరు చెప్పిండ్రు?"

"ఆయన సీసాలే చెప్పినయ్. నడుమల మాట్లాడొద్దు. ఇది మా మామ యాదయ్య పేరు మీద. ఇది మా అత్త పోచవ్వ పేరు మీద."

"అక్కా, తలుపు కొడుతున్నరు!"

"కొట్టనియ్. ఇంకొక్క బొట్టు ఉన్నది తమ్మీ. ఇది... ఇది భీమేష్ పేరు మీద."