కాలువకు అడ్డంపడ్డ పెయింటరు

పెయింటరు నోరు విప్పితే టీ కొట్టు దగ్గర ఎవరూ లేవరు. నమ్మి కాదు, ఎక్కడ ఆపుతాడో చూద్దామని. ఆ పొద్దున మాత్రం అతనికి నిజంగానే చెప్పుకోదగ్గ ముచ్చట దొరికింది, కాలు నిలవడం లేదు. వీధి సంఘం వాళ్ళు వాన కాలువల మీది ఇనప జాలీల పక్కన చేప బొమ్మ వేసి, కింద 'ఇందులో పోసింది చెరువులోకే' అని రాసే పని అతనికి అప్పజెప్పారు. ముందు రోజే మొదలుపెట్టాడు. ఎదురు బెంచీ మీద చేపలక్క కూర్చుని ఉంది. చెరువు గుత్తకు తీసుకుని, మొన్నీమధ్యే చేపపిల్లల్ని వదిలిన మనిషి. తనకున్నదంతా ఆ నీళ్ళలోనే పెట్టింది.

"అక్కా, నీ పిల్లలు బతికున్నాయంటే నా చలవే," అని ఎత్తుకున్నాడు పెయింటరు. "నిన్న పైవీధిలో బొమ్మ ముగించుకుని కిందవీధికి వచ్చానా, చినుకులు మొదలయ్యాయి. జాలీలోకి తొంగి చూస్తే పసుప్పచ్చ నీళ్ళు, పైన జిడ్డు తెట్టు. ఎవడో పోశాడు. నాకు ఒళ్ళు మండిపోయి, గోనెసంచి మడిచి కాలువ నోట్లో కుక్కేశా."

"మంచి పని చేశావురా," అన్నాడు టీ కొట్టు బాబాయి.

అక్కడితో ఆపితే బాగుండేది. మెచ్చుకోలు చెవిన పడ్డాక ఆగే రకం కాదతను.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సంచి నిలవలేదు. నేనే దిగి అడ్డంగా కూర్చున్నా. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, నడుం దాటాయి, మూతి దాకా వచ్చాయి. రానీ అని మీసంతోనే వడగట్టడం మొదలెట్టా. జిడ్డంతా ఇవతల, మంచినీళ్ళు అవతల."

"ఏ మీసంతో? నీకున్నవి నాలుగు వెంట్రుకలేగా," అన్నాడు దర్జీ.

"నిన్న చూడాల్సింది, జిడ్డు తాగి ఇంత లావైంది. మధ్యలో అడ్డు తగలకు. నీళ్ళకి దారి లేక వీధిలోకి పొంగాయి, మేడ మీద ఆరేసిన బట్టలు తడిసేంత ఎత్తు లేచాయి. కింద నుంచే ఒక్కసారి గదిమాను చూడు, గిర్రున తిరిగి, మిట్ట ఎక్కి, వచ్చిన దారినే మబ్బులోకి పోయాయి."

"ఆ జిడ్డునీళ్ళు మబ్బుకి అరిగాయా?" అన్నాడు బాబాయి.

"అరక్కేం? ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెరువులో చేపలన్నీ ఒడ్డుకొచ్చి తోకల మీద నిలబడ్డాయి. అందులో నా అంత ఉన్న చేప, 'అన్నా, తల తుడుచుకో, జలుబు చేస్తుంది' అంది."

"నేను వదిలినవి వేలెడంత లేవు," అంది చేపలక్క.

"నా గొంతు విని పెరిగాయక్కా. ఆ జిడ్డు పోసినవాడు దొరకాలి గానీ, వీధివీధీ తిప్పుతా."

చేపలక్క గ్లాసు కింద పెట్టింది. "సంచి కుక్కిన మాట నిజమే. ఇందాక నేనే వెళ్ళి చూశాను. అది లేకపోతే నా పిల్లలు తెల్లారేసరికి తేలేవి. నీ మేలు మర్చిపోను తమ్ముడూ."

తన మాట ఒకరు నిజమనడం పెయింటరుకి కొత్త. ఉన్న నాలుగు మీసం వెంట్రుకలూ దువ్వుకున్నాడు.

"ఆ పసుపు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని జాలీ జాలీకీ తొంగిచూస్తూ మిట్ట ఎక్కాను," అందామె. "పైవీధిలో నువ్వు వేసిన చేప దాకా ఉంది. దానికి ఎగువన చుక్క కూడా లేదు. బొమ్మ వేశాక బ్రష్షు ఎక్కడ కడిగావు?"

"కిరసనాయిలు పోసి, అక్కడే, జాలీలో..." అనేసి ఆగిపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"పక్కనే రాశావు కదయ్యా, ఇందులో పోసింది చెరువులోకే అని," అన్నాడు దర్జీ.

పెయింటరు తల వంచుకున్నాడు. "నేను రాసేవాణ్ణి," అన్నాడు గొంతు తగ్గించి, "చదివేవాళ్ళు వేరే కదా."