నీళ్ళ వ్యాను మీద సత్యకుమారి గారు

ధవళేశ్వరం బస్టాపు పక్కన టీ కొట్టులో గున్నేశ్వరరావు నోరు విప్పాడంటే గ్లాసుల్లో టీ చల్లారిపోవాల్సిందే. రాజమండ్రిలో అతనిది స్టిక్కర్ల షాపు. వినైల్ మీద బొమ్మలు ప్రింటు తీసి బళ్ళకి అంటిస్తాడు. ఆవేళ ఐస్‌క్రీం ఏజెన్సీ హరిబాబు, "ఎండన పడి తిరిగే మా వ్యాన్ల బొమ్మలకి పైన ఏ లామినేషన్ వేయించమంటారండీ, మెరిసేదా, మ్యాట్‌దా?" అని అడిగాడు. అంతే, దొరికిపోయాడు.

"మెరిసేదేనండి! నిడదవోలు అప్పాజీ గారు లేరూ, ఆయన భార్య సత్యకుమారి గారు పోయాక ఆవిడ పేరున ఊరికి ఉచితంగా మంచినీళ్ళ వ్యాను పెట్టారు. దాని పక్కన ఆవిడ ఫొటో, ఇంతెత్తున! పుష్కరాల ముందు నేనే వేశాను. ఇప్పటికీ చీరంచు కూడా రంగు మారలేదంటే నమ్ముతారా?"

ఆ మాట అంటుంటేనే గున్నేశ్వరరావుకి లోపల చురుక్కుమంది. ఆ ఫొటో వేసిన రోజు, ఎండకి ఆగే లామినేషన్ ఫిల్ము షాపులో అయిపోయింది. ఇంట్లో గోడకి పెట్టుకునే ఫొటోల మీద వేసే ఫిల్ముంటే అదే వేసి పంపేశాడు. ఎంత తళతళలాడిందో! అప్పాజీ గారు కళ్ళనీళ్ళు పెట్టుకుని దండం పెట్టారు. తల్చుకుంటే సిగ్గేసింది. సిగ్గేసినప్పుడల్లా అతనికి గొంతు పెరుగుతుంది.

"మెరుపంటే ఏం మెరుపనుకున్నారు! పక్కనొచ్చే లారీ డ్రైవర్లు అందులో చూసుకుని గడ్డం గీసుకునేవారండి. కొవ్వూరు బ్రిడ్జి మీదికెళ్తే, ఎండ దానికి తగిలి జారిపోయి గోదాట్లో పడేది, పులసలు కుతకుతా ఉడికిపోయేవి!"

"ఉప్పూకారం ఎవరు వేసేవారండీ?" అన్నాడు టీ కొట్టు సత్తిరాజు.

"వినవయ్యా ముందు! గోదారి పొంగింది, వ్యాను కొట్టుకుపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బ్యారేజీ గేట్లలో ఇరుక్కుని ఇంజను పోయింది, టైర్లు పోయాయి, ఇనుమంతా తుప్పుపట్టి రాలిపోయింది, నా స్టిక్కరు మాత్రం వ్యాను ఆకారంలో అలాగే నిలబడి ఉంది! డ్రైవరు అందులోనే కూర్చుని హారన్ కొట్టుకుంటూ నిడదవోలు వెళ్ళిపోయాడండి!"

అందరూ పగలబడి నవ్వారు. హరిబాబు కళ్ళు తుడుచుకుంటూ, "అయితే మా వ్యాన్లన్నిటికీ అదే వేసేయండి" అన్నాడు.

బల్ల చివర కూర్చున్నాయన గ్లాసు కింద పెట్టాడు. "ఆ తర్వాత ఏమైందో నాకు తెలుసండి. ఆ డ్రైవర్ని నేనే, ఏసురాజుని. బండి రిపేరుకని ఇటొచ్చాను, అదిగో."

అందరూ రోడ్డవతలికి చూశారు. వ్యాను పక్కన ఫిల్ము పసుపు తిరిగి, పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. చీర తెల్లగా పాలిపోయింది. మొహం ఉండాల్సినచోట ఏమీ లేదు. ఆ తెలుపు మధ్యలో పొద్దున పెట్టిన కుంకుమబొట్టు ఒక్కటే ఎర్రగా ఉంది.

"బండి తీసేముందు అప్పాజీ గారు రోజూ ఆవిడకి బొట్టు పెడతారండి. ఇప్పుడు నుదురెక్కడో తెలీక చేత్తో తడుముకుని, 'ఇక్కడేనా ఏసురాజూ?' అంటారు. ఇక్కడేనండి అంటాను. మిమ్మల్ని పల్లెత్తుమాట అనరండి. 'ఎండలలా ఉన్నాయి, పాపం ఆ స్టిక్కర్లాయన మాత్రం ఏం చేస్తాడు' అంటారు."

గున్నేశ్వరరావు హరిబాబు వైపు చూడలేకపోయాడు. చివరికి ఎలాగో, "బండి షాపుకి తీసుకురావయ్యా. మళ్ళీ వేస్తాను" అన్నాడు.

"మెరిసేదేనాండీ?" అన్నాడు ఏసురాజు, ఎగతాళేం లేకుండా.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది గున్నేశ్వరరావుకి.